లెన్స్ మీద చక్కెర

కొండరైల్లో ఎప్పుడూ వెనక్కి తిరిగే నిలబడతాను.
త్బిలిసి ఊరు ఒక్కో దీపం చొప్పున కిందికి జారుతుంటే
కడుపులో ఏదో తేలికవుతుంది.
పగలంతా కట్టుడుపళ్ళు పోతపోసే చేతులివి.
ఎవరి నవ్వు ఎవరి నోట్లో అమరాలో
మైనం మీద చెక్కుకుంటూ కూర్చుంటాను.
రాత్రి తొమ్మిది దాటిందా,
ఈ చేతులు నావి.

కెమెరా స్టాండుకి ఒక కాలు విరిగి రెండేళ్ళయింది.
ఆస్పత్రి పట్టీ చుట్టాను. కుంటుతూనే నిలబడుతుంది,
మా ఇంట్లో అందరిలాగే.

"స్టాండు పెట్టకూడదక్కా, రూలు" అంటాడు
గేటు దగ్గర కాపలా కుర్రాడు బాచో.
నిన్నా అన్నాడు. రేపూ అంటాడు.
అనేసి అటు తిరిగి సిగరెట్ వెలిగించుకుంటాడు.
వాడా సిగరెట్ తాగినంతసేపూ పార్కు నాది.

ముందు ఒక వేడి పొంచికీ,
లోపల మీగడ, పైన మంచులా చక్కెర పొడి.
తిన్న వేళ్ళు కోటుకి తుడుచుకుని
షట్టర్ తెరిచి అంకెలు మొదలుపెడతాను.

చీకట్లో కెమెరాకి ఓపిక ఎక్కువ, జ్ఞాపకం తక్కువ.
కేకలేస్తూ పరిగెత్తే పిల్లలు ఒక్కరూ పడరు.
వాళ్ళ బూట్లలో మెరిసే లైట్లు మాత్రం
నేలమీద ఎర్రదారం కుట్టుకుంటూ పోతాయి.
ముద్దుపెట్టుకునే జంట పడుతుంది, వాళ్ళకేం తొందర?
ఐస్‌క్రీం జారవిడిచి
దాన్నే చూస్తూ నిలబడిపోయిన పిల్లాడు పడతాడు,
కనురెప్పలతో సహా.

ఆ రాత్రి జెయింట్ వీల్ ముందు
ఏడు, ఎనిమిది, తొమ్మిది...
పదకొండు దగ్గర
పార్కు ఆరిపోయింది.

చక్రం ఆగింది. పాట సగం మాటలో తెగింది.
పైనుంచి ఒక అరుపు, తర్వాత ఏమీ లేదు,
తర్వాత ఎవరో ఆడమనిషి గొంతు:
"కింద ఎవరైనా ఉంటే
రెండు పొంచికీలు పైకి విసరండమ్మా!"
చీకటంతా పగలబడి నవ్వింది.

ఒక్కో పెట్టెలో ఒక్కో ఫోను వెలిగింది.
చక్రం నడిపే నుగ్జర్ తాత
గొడుగుకర్రలాంటి ఇనపపిడి బయటికి లాగి
చేత్తో తిప్పడం మొదలుపెట్టాడు.
"దిగండి, మెల్లిగా, మెట్టుంది."
మళ్ళీ తిప్పాడు.
"దిగండి, మెల్లిగా, మెట్టుంది."
ప్రతి పెట్టెకీ అవే మాటలు,
ప్రతిసారీ అప్పుడే తట్టినట్టు.

నా పదకొండో ఏట ఈ ఊళ్ళో కరెంటు
ఊరికినే వచ్చిపోయే చుట్టం.
కిరసనాయిలు పొగకి మా గోడ నల్లబడింది,
అమ్మ ముక్కుపుటాలు నల్లబడ్డాయి.
అప్పుడు ఈ కొండ వైపు చూస్తే
కొండే కనపడేది కాదు.

దీపాలు వచ్చాయి.
"వచ్చిందీ!"
నా నోరే అరిచింది, నన్నడక్కుండా.
నాతోపాటు ఇంకో పదిమంది, అందరం నలభై దాటినవాళ్ళం.
పిల్లలు బిత్తరపోయి మా మొహాలు చూశారు.
ఎదురుగా ఎవరో తెలియని ఆవిడ నన్ను చూసి నవ్వింది.
పైవరసలో కుడివైపు మూడో పన్ను
నేను చేసిందే. ఒట్టు.

అప్పుడు గుర్తొచ్చింది, షట్టర్ మూయలేదు.
గబుక్కున అరచెయ్యి అడ్డం పెట్టాను.

ఆ ఫొటో ఇప్పుడు మా ప్రయోగశాల గోడమీద ఉంది,
పళ్ళ అచ్చుల పక్కన.
పదకొండు అంకెల రంగుల చక్రం,
దాని మీదుగా తెల్లని పూసలై దిగివస్తున్న ఫోన్లు,
అడుగున, కదిలిన చేతులు లేకుండా, ఒక టోపీ, ఒక వంగిన వీపు.
ప్రతి దీపం చుట్టూ మెత్తని పాలపొగ.

"ఏ ఫిల్టర్ వాడావు పిన్నీ?" అంటుంది మా అక్క కూతురు దోదో.
బొటనవేలి ముద్ర అని చెప్పలేదు.
చెబితే తుడవమంటుంది.
తుడవాలి నిజమే.
వచ్చేవారం చూద్దాం.